నీ గొంతు ఎవరి దగ్గరుందో

బాపూ,

నిన్న మన మందమర్రి క్వార్టర్‌లోనే నీ సంవత్సరీకం చేశాం. చుట్టాలు వెళ్లాక తమ్ముడు తన ఫోన్ తెచ్చి అవ్వ చేతిలో పెట్టాడు. గనిలో డ్యూటీ దిగాక నువ్వు మాకు పంపిన వాయిస్ మెసేజులన్నీ ఏదో యాప్‌కు ఇచ్చాడట. అది నీ గొంతు నేర్చుకుంది.

"ఏం జేస్తున్నవే, తిన్నవా?" అంది ఫోన్. అచ్చం నువ్వే. మాట మధ్యలో నీ దగ్గు కూడా ఉంది. అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "తిన్న," అంది.

"ఇంట్ల ఒక్కదానివే ఉన్నవా?" అని అడిగిందది.

అవ్వ ఫోన్‌ను మంచం మీద పడేసింది. "గీయన నా పెనిమిటి కాదు, మీ బాపు కాదు. ఇంట్ల ఎవరున్నరో ఆయనకు ఎరుక లేదా? తీసెయ్యిరా!"

"ఉత్త యాపే అవ్వా, ఎందుకు ఫికర్ చేస్తవ్?" అంటూనే తమ్ముడు తీసేశాడు. వాడి ఫోన్‌లోంచి పోయింది గానీ, ఆ యాప్ వాళ్లు నీ గొంతును చెరిపేశారో లేదో ఎవరిని అడగాలో వాడికీ తెలియదు.

ఈ పొద్దున నా ఫోన్‌కు తెలియని నంబరు నుంచి కాల్ వచ్చింది. మోగి మోగి ఆగిపోయేదాకా ముగ్గురం చూస్తూ కూర్చున్నాం. నేను ఎత్తలేదు. అటు నుంచి నీ గొంతు వినిపిస్తే పెట్టెయ్యడం నా వల్ల కాదు, బాపూ.