ఈ పూట పిండి మీరే పట్టండి

ఏమండీ,

వంటింట్లో పెద్ద పళ్ళెంలో రెండు కిలోల గోధుమలు ఆరబోశాను. రాళ్ళు ఏరేశాను. కొత్త మిషన్‌లో పోసి పిండి పట్టండి. ముందు స్విచ్ వేసి, అది తిరగడం మొదలయ్యాకే గింజలు వదలాలట. మీకు నేను చెప్పడమేమిటి గానీ, దానితో వచ్చిన కాగితంలో అలా ఉంది. పిండి వేడి చల్లారాకే డబ్బాలో పోయండి.

నిన్న నేను స్విచ్ వేయగానే "చెవులు చిల్లులు పడుతున్నాయే" అంటూ వీధిలోకి వెళ్ళిపోయారు. ముప్పై ఏళ్ళు మన పిండిమర హోరులో నిలబడ్డ మనిషికి ఈ బుల్లి మిషన్ మోత ఎక్కువైందా? ఇంటింటికీ ఇవి రాబట్టే మన మర మూతపడిందని నాకూ తెలుసు. మిమ్మల్ని ఏడిపించడానికి కొన్నానా? నాలుగు నెలలుగా ప్యాకెట్ పిండి మీకు సయించక సగం రొట్టె వదిలేసి లేస్తున్నారు. అది చూడలేకే కొన్నాను.

నేను పట్టిన పిండి బరకగా వచ్చింది. మీరు వేళ్ళతో నలిపి చూసి డబ్బా మూత పెట్టేశారు. తిట్టినా బాగుండేది.

సాయంత్రానికి వచ్చేస్తాను.

చెల్లెలింటికి వెళ్తున్నానని పొద్దున చెప్పింది అబద్ధం. మీరు బేరానికి సరేనన్న ఆ పాత ఇనుము వాళ్ళు మన మరను విప్పి తీసుకెళ్ళడానికి ఈరోజే వస్తున్నారు. కొట్టు తాళంచెవి నా దగ్గరుంది. మీరు రావద్దు. వాళ్ళు విప్పడం నేను చూడగలను, మీరు నిలబడి చూస్తుంటే నేను చూడలేను.