డాబా మీద ఎర్ర గుర్తులు

తమ్ముడూ,

డ్యూటీకి వెళ్తున్నా. తాళాలు ఫ్రిజ్ మీద ఉన్నాయి. సాయంత్రం దాకా డాబా ఎక్కకు. రాత్రంతా కూర్చుని టెలిస్కోపు మళ్లీ నిలబెట్టాను.

మొదటిసారి దాని మీద కప్పిన పట్టా తీసుకెళ్లి నీ బండికి కప్పుకున్నావు. వానకి దానికి తగిలించిన పాత కెమెరా పోయింది. రెండోసారి నీ ల్యాప్‌టాప్ చార్జరు పెట్టి టెలిస్కోపుని తిప్పే మోటారు కాల్చేశావు. అదేంట్రా అంటే "పిన్ను పట్టింది కదక్కా" అన్నావు. పడితే గుచ్చేయడమేనా?

పోయిన వారం అన్నీ కుదిరాయి. ధ్రువనక్షత్రానికి సూటిగా పెట్టి, స్టాండు మూడు కాళ్ల దగ్గరా సుద్దముక్కతో గుర్తులు గీసుకున్నా. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నువ్వు చీపురు పట్టావు. స్టాండు పక్కకి జరిపి మరీ డాబా అంతా కడిగేశావు. పైగా మెచ్చుకోమని నన్ను పిలిచి చూపించావు! ఒళ్లు మండిపోయింది. ఇంకా చల్లారలేదు.

ఈసారి గుర్తులు ఎర్ర పెయింటుతో వేశాను. యాసిడ్ పోసి రుద్దినా పోవు. ఆరకముందే తొక్కావంటే కాళ్లు విరగ్గొడతా. సారీ చెప్పొద్దు. అమ్మ చేత చెప్పించొద్దు.

అక్క

నాలుగు గుర్తులు ఉన్నాయేంటని అడుగుతావేమో. స్టాండుకి మూడే. పిట్టగోడ వారన ఉన్న నాలుగోది నీ కుర్చీకి. ఎనిమిదికల్లా వచ్చి కూర్చో. నువ్వు అటూ ఇటూ తిరిగితే ఫొటో అదురుతుంది. లేచావో, చంపేస్తా.