బడి బోర్డు మీద నీ పేరు

బావా,

మలయాకు మెర్డెకా, అదే స్వాతంత్ర్యం, వచ్చి వారమైంది. ఈ ఉదయం మన దీవిలోని ఎస్టేటు బడికి నీ పేరు పెట్టారు. బోర్డు మీది గుడ్డ తీయడానికి నన్నే పిలిచారు.

ఇద్దరం ఒకేసారి ఇక్కడ పంతుళ్లుగా చేరాం. అడవిలోని కమ్యూనిస్టుల మీద తెల్లవాళ్లు పెట్టిన ఎమర్జెన్సీ రోజుల్లో ఎస్టేటు చుట్టూ ముళ్లకంచె వేసి బడి మూసేయమన్నప్పుడు, నువ్వు వెళ్లి తెల్ల అధికారితో వాదించావు. నేను లోపల పిల్లల చేత ఎక్కాలు చెప్పిస్తూ ఉండిపోయాను. బడి నిలిచింది. జనం నిన్నే గుర్తుపెట్టుకుని రాష్ట్ర శాసనసభకు పంపారు.

ఆ ఎన్నికల్లో నేను అసూయకొద్దీ నీ ప్రత్యర్థికి ఓటేశాను. గెలిచాక నువ్వు మొదట నా ఇంటికే వచ్చి నన్ను కౌగిలించుకున్నావు. జ్వరంతో నువ్వు పోయేదాకా నిజం చెప్పలేకపోయాను.

ఈరోజు గుడ్డ తీసి, అందరి ముందూ చెప్పేశాను. రబ్బరు పాలు తీసే అప్పలమ్మ ముందు వరసలోంచి నవ్వింది.

"ఆయనకి అప్పుడే తెలుసు సారూ. మీ మొకం సూసి కనిపెట్టినారు. 'మా బావతో అనకండి, సిన్నబోతాడు' అని మాకు సెప్పినారు."

నీ పదవి మీది అసూయ ఎప్పటికైనా తగ్గేదేమో. నీ మంచితనం మీద ఈరోజు పుట్టినది మాత్రం తగ్గేలా లేదు బావా.