ఆకలి చచ్చిన బాపుకు

జహనుమా, హైదరాబాద్
14 ఆగస్టు 2025

పూజ్యులైన బాపు పాదాలకు మీ పద్మజ మొక్కి రాస్తున్నది.

ఇక్కడ అందరం ఉన్నాం. క్షేమమని రాయడానికి చెయ్యి రావడం లేదు. ఫోనూ, షుగరు మాత్రల డబ్బా రెండూ ఇంట్లో వదిలి మీరు ధర్మపురికి వెళ్ళిపోతే మాకు క్షేమం ఎక్కడిది? ఈ ఉత్తరం వేణుగోపాల్ మామ చేతికిచ్చి పంపుతున్నాను. మాత్రలూ ఆయన దగ్గరే ఉన్నాయి. ముందు అవి వేసుకుని తరువాత చదవండి.

గుడిలో మీ బదులు పూజ వైకుంఠం బాబాయి చేస్తున్నాడు. సగం మంత్రాలు మింగేస్తున్నాడని అప్పుడే లొల్లి మొదలైంది. మీరుంటే ఊరుకునేవారా?

మీ పీట ఇంకా తీయలేదు. అన్నం వేళకు దాని వైపు చూడాలంటే భయం బాపూ. విస్తరిలో సగం వదిలేసి, పోయిన అమ్మ గొంతు వినబడుతున్నదని అన్నారు చూడండి, "ఇగ చాలు, లెవ్వుమంటున్నది బిడ్డా" అని, ఆ మాట ఈ గోడలను వదలడం లేదు. "ఆకలి సచ్చినంక మీ తాత నలభై దినాలే బతికిండు, మీ అమ్మ గంతే, ఇప్పుడు నా వంతు" అన్నారు. ఇంటిల్లిపాదీ నమ్మారు. ఒక్క నిమిషం నేనూ నమ్మాను. నా బిడ్డ మేధ ఆ గదిలో అడుగు పెట్టడం మానేసింది.

"ధర్మపురికి పోయినోనికి యమపురి లేదు" అంటూ సంచీ సర్దుకున్నారు. ఇదేం పంతం బాపూ! గడపకు అడ్డం నిలబడి కూడా అసలు మాట కడుపులోనే దాచుకున్నాను.

మీ బిడ్డ,
పద్మజ

తా.క.: మీ ఆకలి చావలేదు. నేనే చంపాను. మీ షుగరు చూసి, దవాఖానలో తిండి సంగతులు చెప్పే సుమయ్య మేడం ముందు గట్టిపప్పు, తరువాత వండి చల్లార్చిన అన్నం పెట్టమన్నది. చల్లారిన అన్నంలో కొంత పిండిపదార్థం చిన్నపేగులో అరగక పెద్దపేగులో పులుస్తుందట. ఆ పులుపుకూ, పప్పులోని మాంసకృత్తులకూ లోపల హార్మోన్లు ఊరి "ఇక చాలు" అని మెదడుకు చెబుతాయట. అది అమ్మ గొంతు కాదు బాపూ. చద్దన్నం ముట్టకూడదని మీకు మడి. అందుకే ముందురోజు వండినదాన్ని ఆవిరి మీద వేడిచేసి, అప్పుడే దించినట్టు వడ్డించాను. రెండు నెలలు మీరు చద్ది తిన్న ఒంటితోనే స్వామిని ముట్టారు. ఈ సంగతి తెలిస్తే ఇక నా ముఖం చూడరని దాచాను. చూడకండి. బతికుండి చూడకండి.