ఒకే బాకా ఊదినవాళ్లం

బావా,

నా కడుపుమంట గుట్టు ఇన్నాళ్లకి తెలిసింది. డాక్టరమ్మ పుల్లటి నీళ్లేవో తాగించి, కాసేపు కూర్చోబెట్టి, చిన్న సంచీ చేతికిచ్చి ఊదమంది. బ్యాండువాడికి ఊదడం నేర్పాలా! బుగ్గలు పొంగించేసరికి ఆవిడ గాభరాపడి, "మెల్లగా బాబూ, సంచీ పగులుతుంది" అంది.

కడుపులో ఏదో బాక్టీరియా ఎప్పుడో కాపురం పెట్టిందట. రెండు వారాలు మాత్రలు మింగాను. నోరంతా చేదై, మీ చెల్లెలి వంట మీద ఊరికే విసుక్కున్నాను. తర్వాత కొన్నాళ్లాగి మళ్లీ ఊదిస్తే, ఖాళీ చేసి పోయిందని తేలింది.

అది చిన్నప్పుడే ఒకరి నోటి నుంచి ఇంకొకరికి పాకుతుందట. వినగానే మనం బాకా నేర్చుకున్న మా ఇంటి వెనక గది గుర్తొచ్చింది. ఉన్నది ఒక్క బాకా, నువ్వో పాట, నేనో పాట. నువ్వు చొక్కా అంచుతో తుడిచి ఇచ్చేవాడివి. నేను అదీ చేసేవాణ్ణి కాదు. ఎంత కమ్మగా ఊదేవాడివి బావా!

తిని ఊదితే ఆయాసం వస్తుందని, కచేరీ రోజు, బ్యాండు నడిపే మా నాన్న మనకి తిండి పెట్టేవాడు కాదు. యూనిఫాం వేసుకుని నువ్వు పొట్ట పట్టుకుని ముడుచుకుపోతే, "వీడికి జనాన్ని చూస్తే భయంరా" అనేవాడు. నువ్వూ అదే నమ్మి, బాకా నాకిచ్చేసి గడియారాల కొట్టులో చేరిపోయావు.

ఆ మంట ఖాళీ కడుపులోనే ఎక్కువట బావా. నీకిప్పటికీ వస్తోందని అక్క చెప్పింది. అది భయం కాదేమో. వెళ్లి ఆ సంచీ ఊదిరా.

బాకా నా దగ్గరే ఉంది. ఈసారి తుడిచే ఇస్తాను.

నీ బావమరిది