నీలం ఊలు కట్టిన తాళంచెవి

హాథర్‌బెక్,
ఆదివారం, ఏప్రిల్ మొదటివారం.

ప్రియమైన నాన్నకు,

ఇక్కడ నేను బాగున్నాను, పిల్లి బాగుంది, వాన మాత్రం మరీ బాగుంది. అక్కడ నువ్వూ పామ్ పిన్నీ ఆ స్పెయిన్ ఎండలో కులాసాగా ఉన్నారని, నీ ఊపిరితిత్తులు నీ మాట వింటున్నాయని తలుస్తాను.

నీ ఉత్తరం మంగళవారం అందింది. దాంతోపాటు పత్రిక ముక్కా, దాని మీద నువ్వు ఎర్ర పెన్సిలుతో గీసిన గీతలూ అందాయి. ఫోనులో నీకు వినపడక, నేను అరిచి, మనిద్దరం పోట్లాడుకునే కన్నా ఉత్తరాల్లో పోట్లాడుకోవడమే మేలు. నీ ప్రశ్నలకు వరసగా జవాబులు చెప్తాను. పైకప్పు నీళ్ల గొట్టం బాగు చేయించాను. వేళకి తింటున్నాను. నువ్వు మేలో వచ్చే రోజు నాకు సలహా కేంద్రంలో అయిదింటిదాకా పని ఉంది, స్టేషనుకి రాలేను. ఒంటరిగా ఉండటానికి భయం వెయ్యడం లేదా అని అడిగావు, దానికి కాస్త వివరంగా చెప్పాలి. మన వీధిలో ఐవీ ఇంట్లో ఉన్న మన రెండో తాళంచెవి వెంటనే తెచ్చేసుకోమన్నావు, దాని సంగతి చివర్లో చెప్తాను. తొందరపడి కిందికి చూడకు.

ముందు ఆ పత్రిక సంగతి. హాథర్‌బెక్‌లో నేరాలు పెరిగిపోయాయట, అందులో మన టెంటర్ రో అన్నిటికన్నా ప్రమాదకరమైన వీధి అట. మన వీధి, నాన్నా. పింఛను ముసలివాళ్లూ, నర్సులూ, బిస్కెట్ ఫ్యాక్టరీలో షిఫ్టులు చేసేవాళ్లూ ఉండే వీధి. రాసినవాడు ఒక్కసారైనా వచ్చి చూశాడా? చూడలేదు. పోలీసుల వెబ్‌సైటులో పటం చూశాడు. ఆ పటంలో ఏ నేరాన్నీ అది జరిగిన గుమ్మం దగ్గర చూపించరు. బాధపడ్డవాళ్ల ఇల్లు బయటపడకూడదని దగ్గర్లో ముందే పెట్టుకున్న ఒక చుక్క మీదికి జరుపుతారు. అది మంచి పనే, నేనూ ఒప్పుకుంటాను. కానీ ఊరి ఈ కొస మొత్తానికీ ఆ చుక్క మన వీధి నడుమ పడింది. పబ్బు వెనక శనివారపు కొట్లాటలూ, సూపర్ మార్కెట్లో పోయిన జున్ను ముక్కలూ, స్టేషను దగ్గర మాయమైన సైకిళ్లూ అన్నీ వచ్చి మన గుమ్మాల ముందు పడుకుంటున్నాయి.

పటం చూసి జనం భయపడ్డారు. భయపడి తలుపు గంటలకి కెమెరాలు పెట్టించుకున్నారు. కెమెరాలు వచ్చాక దారిన పోయే పిల్లి కూడా అనుమానితుడే. అనుమానం వచ్చినప్పుడల్లా పోలీసులకి ఫోన్లు చేశారు, ఆ ఫోన్లన్నీ మళ్లీ వెళ్లి ఆ చుక్క మీదే కూర్చున్నాయి. ఇదీ నువ్వు ఎర్ర పెన్సిలుతో గీసిన నేరాల వెల్లువ. ఇంకోపక్క కుర్రకారు కోసం నడిపే క్లబ్బు మూసేశారు. నీ పోలీసు స్టేషను ఫ్లాట్లు కట్టేవాళ్లకి అమ్మేశారు. నీ సార్జెంటు బల్ల ఉన్నచోట ఇప్పుడు ఎవరో గిన్నెలు కడిగే మిషను పెట్టుకున్నారు. భద్రత అంటే ఏమిటో తెలిసిన ప్రతి చోటుకీ తాళం వేసి, మన చేతికి ఓ కెమెరా ఇచ్చి ఇంటికి పొమ్మన్నారు.

ఇదంతా నేను చర్చి హాల్లో జరిగిన వీధి సమావేశంలో చెప్పాను. వీధి కాపలా బృందం పెద్ద కీత్ బ్రాడ్‌బెంట్, నీకు గుర్తే, బస్సుల్లో టిక్కెట్లు తనిఖీ చేసేవాడు, చేతులు కట్టుకుని అంతా విన్నాడు. "నీ చుక్కలు నీ దగ్గరే ఉంచుకో జిలియన్. నా సైకిలు చుక్క మీంచి పోలేదు, నా షెడ్డులోంచి పోయింది" అన్నాడు. హాలంతా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది కానీ నవ్వలేదు.

ఆ వారంలోనే ఐవీ పోయింది.

నిద్రలోనే వెళ్లిపోయిందని నీకు రాశాను. రాయనిది ఆ తర్వాత జరిగింది. వీధి మొత్తం తమ రెండో తాళంచెవి ఐవీ దగ్గరే దాచుకోవడం నానమ్మ రోజుల నుంచీ ఉన్నదే. మెట్ల కింద అలమరలో కొక్కేలు, ఒక్కో తాళంచెవికి ఒక్కో రంగు ఊలు ముడి. ఇంటి నంబరు రాస్తే దొంగకి పని తేలికవుతుందని ఊలు కట్టేది. ఏ రంగు ఎవరిదో ఐవీ బుర్రలో తప్ప ఎక్కడా లేదు. మనది ముదురు నీలం అని నాకు తెలుసు. పోలీసు ఇంటికి పోలీసు రంగే కట్టానని ఆవిడ నీతో అంటే నువ్వు పొట్ట పట్టుకుని నవ్వావు.

ఇప్పుడు ఆ అలమర ఉన్న ఇంట్లో మిగిలింది రస్సెల్. ఆవిడ కొడుకు. నువ్వు రెండుసార్లు సంకెళ్లు వేసి తీసుకెళ్లినవాడు. ఈ వీధిలోనే మూడు నాలుగు ఇళ్లలో దూరినవాడు, కీత్ వాళ్ల అమ్మ వెండి చెంచాలు కూడా వదలనివాడు. తల్లి మంచం పట్టాక తిరిగొచ్చి రెండేళ్లు ఆవిడకి అన్నీ తానే చేశాడు. ఐవీ ఉన్నంతకాలం తాళంచెవుల మాట ఎవరూ ఎత్తలేదు, ఎత్తితే ఆవిడని అవమానించినట్టని. ఆవిడ కళ్లు మూసిన మర్నాడే వీధి ఫోన్ గ్రూపులో మొదలైంది. తాళాలు మార్చడానికి ఎంతవుతుందని ఒకరు, అంత్యక్రియల లోపలే అందరం వెళ్లి అడగాలని ఇంకొకరు. ఆ గొడవ నడుస్తుండగానే నీ ఉత్తరమూ వచ్చింది. మీరందరూ మాట్లాడుకుని రాసినట్టు అవే మాటలు.

నేను సూపు గిన్నె పట్టుకుని రస్సెల్ దగ్గరికి వెళ్లాను. వంటింటి బల్ల మీద ఓ బిస్కెట్ల డబ్బా ఉంది. దాన్నిండా తాళంచెవులు, రంగురంగుల ఊలు ముడులు.

"ఎవరివి వాళ్లకి ఇచ్చేద్దామని తీశాను" అన్నాడు. "కానీ ఏ రంగు ఎవరిదో తెలీదు."

"రెండేళ్లు ఈ ఇంట్లో ఉన్నావు, మీ అమ్మని అడగలేదా?"

"నేను ఎలా అడుగుతాను జిలియన్?"

అంతే అన్నాడు. నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను. రోజూ చీపురు కోసం ఆ అలమర తెరిచిన మనిషి, వీధిలో ప్రతి ఇంటి తలుపూ కొక్కేలకి వేలాడుతుంటే చూస్తూ రెండేళ్లు గడిపిన మనిషి, ఆ ఒక్క ప్రశ్న అడగకుండా ఉండిపోయాడు.

శవపేటిక తెచ్చే నల్లకారుని ఇంటికి రావద్దని, నేరుగా శ్మశానానికే తీసుకెళ్లమని చెప్పేశానన్నాడు. ఎందుకని అడిగాను.

"కారు వస్తే వీధి కర్టెన్లు మూయాలి. నా మొహం చూసి మూయరు. అమ్మ ఈ వీధిలో ఎంతమందికి మూసిందో నీకు తెలుసు. ఆవిడకి మూయకపోతే నేను చూడలేను."

మన వీధిలో ఎవరైనా చివరిసారి గుమ్మం దాటుతుంటే ముందువైపు కర్టెన్లన్నీ మూసి ఉంచడం ఎవరు పెట్టారో తెలీదు. చట్టం కాదు, చర్చి చెప్పిందీ కాదు. కొత్తగా వచ్చినవాళ్లకి ఐవీయే తలుపు తట్టి నేర్పేది. అలాంటిది ఆవిడని దొడ్డిదారిన పంపేయడమా? నేను వాదించాను. నా సంగతి నీకు తెలుసు, సూపు చల్లారిపోయింది. చివరికి, "నువ్వు మాట్లాడుతుంటే సార్జెంటుగారి ముందు కూర్చున్నట్టే ఉంది. ఏదో ఒకటి ఒప్పుకునేదాకా వదలరు" అని, కారుని ఇంటికే రమ్మని ఫోను చేశాడు.

అతను ఫోను పెట్టేశాక అప్పుడు తట్టింది నాకు. వీధి మూయకపోతే? ఆ మనిషిని నేనే చేతులారా తీసుకొచ్చి తెరిచిన కిటికీల మధ్య నిలబెట్టిందాన్ని అవుతాను.

గురువారం పొద్దున్న తొమ్మిదింటికి నేను కింద కర్టెన్లు మూసి, సందులోంచి వీధి చూశాను. పాత ఇళ్లవాళ్లు మూశారు. మిగతా సగం కిటికీలు తెరుచుకునే ఉన్నాయి. ఒళ్లు మండిపోయింది నాన్నా. పత్రికకి పంపాల్సిన వ్యాసం మొదటి పేరా బుర్రలో తయారైపోయింది. భయం మనుషుల్ని ఎంత చిన్నవాళ్లని చేస్తుందో, ఆ భయాన్ని ఎవరు అమ్ముతున్నారో, అంతా. అంతలో కీత్ నల్ల టై కట్టుకుని వీధి దాటి రస్సెల్ తలుపు వైపు నడవడం కనిపించింది. నేను ఇంటి చెప్పులతోనే పరిగెత్తాను.

"తాళంచెవులు ఎక్కడున్నాయి?" అని అడుగుతున్నాడు కీత్.

"ఈరోజు కూడా వదలవా?" అన్నాను.

"నువ్వు కాసేపు ఊరుకో తల్లీ" అని నన్ను పక్కకి నెట్టినట్టే చేసి, రస్సెల్‌తో చెప్పాడు. "సగంమంది పనుల్లో ఉన్నారు. పొద్దున్నే కర్టెన్లు తీసేసి వెళ్లిపోయారు. ఇప్పుడు ఎవరైనా వెళ్లి మూయండని ఒకటే మెసేజులు. కారు వచ్చేలోపల అయిపోవాలి."

రస్సెల్ లోపలికి వెళ్లి డబ్బా తెచ్చి అతని చేతుల్లో పెట్టబోయాడు. "ఏది ఎవరిదో నాకు తెలీదండీ. మీరే తీసుకెళ్లండి."

"నాకూ తెలీదు. ఒక్కోటి పెట్టి చూడాలి. నా మోకాళ్లు మెట్లెక్కవు, పై గదులకి నువ్వెళ్లాలి. నడు."

"నేనా? లోపలికా?"

"కర్టెన్లు బయటి నుంచి మూయడం నాకు చేతకాదు" అన్నాడు కీత్. తర్వాత డబ్బా అందుకుని, "నువ్వంటే నాకు పడదు, అది వేరు. ఇది వేరు" అన్నాడు. ఫోను తీసి గ్రూపులో పెట్టాడు: నేనూ రస్సెలూ వస్తున్నాం, గంటలు మోగితే ఎవరూ కంగారు పడొద్దు.

ఆ తర్వాత చూసింది ఎలా రాయాలో తెలీడం లేదు. నల్లకోటులో ఉన్న ఒక పాత దొంగ, వీధి కాపలాదారు చేతిలో బిస్కెట్ల డబ్బా, ఇద్దరూ గుమ్మం గుమ్మానికీ వెళ్లి తాళంచెవులు పెట్టి చూస్తున్నారు. ఎరుపు పట్టలేదు, పసుపు పట్టలేదు, ఆకుపచ్చ తిరిగింది. ప్రతి గుమ్మం దగ్గరా కెమెరా కన్ను వెలిగేది, గంట మోగేది. రస్సెల్ ప్రతిదాని ముందూ టోపీ తీసి, పోలీసు స్టేషనులో ఫొటోకి నిలబడ్డట్టు నిటారుగా నిలబడి, అప్పుడు లోపలికి వెళ్లేవాడు. నిమిషం తర్వాత పై కిటికీ కర్టెన్ కదిలి మూసుకునేది. ఆసుపత్రి నర్సు టెండాయ్ ఇంటి గుమ్మంలో తలుపు గంటలోంచి, ఫోను ద్వారా, ఆవిడ గొంతే వినిపించింది. జింబాబ్వే నుంచి వచ్చిన ఏడాదే ఈ అలవాటు ఐవీ దగ్గర నేర్చుకుందట. "కుడివైపుది పట్టేస్తుంది రస్సెల్, గట్టిగా లాగు. నేను వార్డులో ఉన్నా, రాలేకపోయా. ఏమనుకోకు నాయనా" అంది. అతను ఆ గంటకి తల ఊపాడు.

సమాజం, భద్రత అని ఎన్ని సభల్లో గొంతు చించుకున్నానో నీకు తెలుసు. ఆ రెండు మాటలూ నల్లబట్టలు వేసుకుని నా ముందునుంచి నడిచి వెళ్లాయి. వ్యాసం మొదటి పేరా ఎటు పోయిందో తెలీదు. నేను చేసిందల్లా ఇంటి చెప్పులతో వానలో నిలబడటం.

నల్లకారు వీధి మలుపు తిరిగేసరికి ఒక్క కిటికీ తెరిచి లేదు. వీధి అంతా కళ్లు మూసుకున్నట్టుంది. కారు ముందు నడిచే అంత్యక్రియల కంపెనీ పెద్దమనిషి కూడా తల తిప్పి రెండువైపులా చూశాడు. రస్సెల్ కారు వెనకాల నడుస్తూ ముందు తలవంచుకున్నాడు, తర్వాత ఎత్తాడు, ఇక కొస దాకా దించలేదు.

సాయంత్రం ఐవీ ఇంట్లో టీ, హామ్ శాండ్‌విచ్‌లు. రస్సెల్ డబ్బాని బల్ల నడుమ పెట్టి, ఎవరివి వాళ్లు తీసుకెళ్లమన్నాడు. కొస ఇంటి కొత్త జంట తీసుకున్నారు, ఇంకెవరో ఇద్దరు తీసుకున్నారు. తప్పు పట్టను, భయం ఒక్కరోజులో పోయేది కాదు. కీత్ తనదేదో పొద్దున్నే తెలుసుకున్నాడు. మట్టిరంగు ముడి తీసి చూసి, "ఇన్ని రంగులుంటే నాకు మీ అమ్మ ఇదా కట్టింది?" అని గొణిగి, మెట్ల కింద అలమర తెరిచి కొక్కేనికి తగిలించాడు. ఆయన వెనక మిగతావాళ్లు వరస కట్టారు.

వచ్చే నెల పటంలో మన చుక్క మళ్లీ లావెక్కుతుంది. ఒక పాత దొంగ పట్టపగలు వీధిలో సగం ఇళ్లలోకి వెళ్లి కర్టెన్లు మూసి వచ్చిన సంగతికి మాత్రం దాంట్లో చోటు లేదు. దీనర్థం అంతా బాగుందని కాదు సుమా. క్లబ్బు తెరవాల్సిందే, దాని మీద కౌన్సిలువాళ్లని నేను వదలను. నువ్వు అడిగినదానికి జవాబు మాత్రం ఇదే: నాకు భయం లేదు.

ఇక దాచిపెట్టింది చెప్తాను. కూర్చునే చదువు.

నేను కింద కర్టెన్లు మూశాను కానీ పైన నీ గది సంగతి మర్చిపోయాను. నువ్వు వెళ్లాక ఆ గదిలోకి పెద్దగా వెళ్లను. అన్ని ఇళ్లూ అయ్యాక రస్సెల్ మన గుమ్మం ముందు ఆగి పైకి చూశాడు. "సార్జెంటుగారి గది తెరిచే ఉంది" అన్నాడు. ఇంటి చెప్పులతో పరిగెత్తినప్పుడు తలుపు నా వెనక దానంతటదే మూసుకుని తాళం పడిపోయింది, నా తాళంచెవి ఇంట్లోనే ఉండిపోయింది. డబ్బాలోంచి నీలం ముడి తీసి అతని చేతిలో పెట్టింది నేనే. నువ్వు వెళ్లి మూసిరా అన్నాను. అతను నా మొహంలోకి చూశాడు, ఈసారి 'నేనా?' అని అడగలేదు. నీ పతకాలు, నీ చేతి గడియారం, నీ పాత టోపీ, అన్నీ ఆ బల్ల మీదే ఉన్నాయి నాన్నా. అన్నీ అలాగే ఉన్నాయి, అక్కడ కూర్చుని లెక్క చూసుకోకు. కిందికి వచ్చి అతను అన్నది ఒకటే మాట: "ఆ కిటికీ గొళ్లెం వదులుగా ఉంది. బయటి నుంచి కత్తి పెడితే తెరుచుకుంటుంది. ఇన్నేళ్లు ఎవరూ చూడకపోవడం మీ అదృష్టం." శనివారం స్క్రూడ్రైవర్ పట్టుకొచ్చి బిగించి వెళ్లాడు. ఇప్పుడు పడుతుంది.

మన తాళంచెవి నేను తెచ్చుకోలేదు. అలమరలో తన కొక్కేనికే ఉంది. నీ బండి మూడింటికి వస్తుంది, నేను అయిదింటిదాకా రాను. పెట్టె గుమ్మంలో దించి, ఐవీ ఇంటి తలుపు తట్టి అడుగు. రంగు చెప్పక్కర్లేదు, అతనికి తెలుసు.

ఇట్లు,
నీతో ఇంకా వాదించాల్సింది చాలా ఉన్న కూతురు,
జిలియన్.