గంట మోగితే వాకిట్లోకి

ఫిబ్రవరి 9, ఉదయం

ప్రార్థనలో ఉండగా భూమి కదిలింది. కళ్ళు తెరిచేసరికి దీపం పక్కకి జరిగి ఉంది. ఆర్పేసి బయటికి వచ్చాను. ఎవరికీ ఏమీ కాలేదు. కింద తమ్ముడి ఫోటో ఫ్రేముల షాపులో అద్దాలు సగం పగిలాయి. పైన చెల్లెలి బీరువా బోర్లా పడింది. ఇల్లు నిలబడింది. దేవుడి దయ.

సాయంత్రం

ఇంజనీరు వచ్చి చూశాడు. పగుళ్ళు పైపైనేనట, ఉండొచ్చట. ఆఫ్టర్‌షాక్స్ మాత్రం వస్తూనే ఉంటాయి, కదిలినప్పుడల్లా బయటికి వచ్చేయండి అన్నాడు. నా ప్రార్థన గంట తీసి మెట్ల దగ్గర దారంతో వేలాడదీశాను. కాస్త కదిలినా మోగుతుంది. గంట లేకపోయినా దేవుడికి వినిపిస్తుందిలే.

ఫిబ్రవరి 10

తెల్లవారుతుండగా మోగింది. ముగ్గురం వాకిట్లో నిలబడ్డాం. వాళ్ళిద్దరూ ఒకచోట నిలబడటం రెండేళ్ళలో ఇదే మొదలు. మరదలు చనిపోయిన నెల తిరక్కుండానే, తమ్ముడు షాపులో ఉన్న సమయం చూసి, చెల్లెలు ఆమె బట్టలన్నీ మూటగట్టి ఎవరెవరికో ఇచ్చేసింది. కళ్ళెదుట ఉంటే అన్నయ్య కుంగిపోతాడంది. మంచికే చేసింది. అడక్కుండా చేసింది. అప్పటినుంచి తమ్ముడు దానితో మాట్లాడడు. ఒకరి అడుగుల చప్పుడు వింటే ఇంకొకరు మెట్లెక్కరు.

తమ్ముడు నాకేసి తిరిగి, అక్కా, చెప్పుల్లేకుండా దిగొద్దని ఆవిడగారికి చెప్పు, కిందంతా గాజుపెంకులు అన్నాడు. ఆవిడగారు పక్కనే ఉంది. ఊడ్చుకోవడం చేతకానివాళ్ళు ఒకరికి చెప్పనక్కర్లేదని చెప్పవే అక్కా అంది అది.

ఫిబ్రవరి 12

రెండుసార్లు మోగింది. చెల్లెలు చెప్పులు వేసుకునే దిగింది.

ఫిబ్రవరి 15, మధ్యాహ్నం

గట్టిగానే కదిలింది. మాటిమాటికీ మోయడం దేనికని తమ్ముడు మూడు కుర్చీలు వాకిట్లోనే ఉంచేశాడు. చెల్లెలు టీ ఫ్లాస్కుతో సహా దిగింది. సరిగ్గా టీ వేళకే వస్తోంది, భూమికి బాగా అలవాటైనట్టుంది అన్నాడు తమ్ముడు, గాలితో చెబుతున్నట్టు. అయితే దానికీ ఓ కప్పు పోద్దామా అంది చెల్లెలు, అదీ గాలితోనే. నేను నా కప్పులోకి చూస్తూ కూర్చున్నాను.

ఫిబ్రవరి 19

గంట మెల్లగా మోగింది. తమ్ముడు చాలాసేపు చెల్లెలి చెప్పులకేసి చూసి, ఆ ఆకుపచ్చ శాలువా ఎవరికిచ్చావే అని అడిగాడు. నన్ను కాదు. చెల్లెలు చెప్పబోయింది. ఈలోగా పక్కింటాయన గోడమీంచి తొంగిచూసి, ఆగిపోయిందండీ, చలిలో ఎందుకు, లోపలికి పొండి అని కేకేశాడు. తమ్ముడు లేచి వెళ్ళిపోయాడు.

పక్కింటాయన మంచివాడే. ఇవాళ్టికి మాత్రం ఆయన కోసం ప్రార్థించలేదు.

ఫిబ్రవరి 24

ఏమీ లేదు.

మార్చి 1

ఇక సర్దుకున్నట్టేనని రేడియోలో చెప్పారు. వీధంతా దేవుడికి దండాలు పెట్టుకుంటోంది. నాకు చేతులు లేవలేదు. తమ్ముడు కొత్త అద్దాలు దింపించుకుని, కుర్చీలు లోపల పెట్టేశాడు.

చెల్లెలు నా గదిలోకి వచ్చి, అక్కా, ఇంకొక్కటైనా రాదంటావా అని అడిగింది. భయపడేవాళ్ళు అడిగే తీరు కాదది. షాపులోకి వెళ్ళి ఆ శాలువా సంగతి నువ్వే చెప్పొచ్చు కదే అన్నాను. గుమ్మంలో నిలబడితే చాలు, కోసిన అద్దమే మళ్ళీ కోస్తూ కూర్చుంటాడు, ఇంక ఎవరికి చెప్పను అంది.

అది వెళ్ళాక, ఎవరికీ కీడు లేకుండా ఒక్క చిన్న కుదుపు ఇమ్మని అడగబోయి ఆగాను. దేవుణ్ణి అడగవలసిన కోరిక కాదు.

మార్చి 3, సాయంత్రం

భూమి కదలలేదు. గంట మోగింది.

ఇద్దరూ పరుగున వచ్చారు. తమ్ముడు ఇంకా నా చేతిలోనే ఉన్న దారంకేసి చూశాడు. ఇది కాస్త పెద్దదే అక్కా, ఇప్పట్లో తగ్గేలా లేదు అంటూ కుర్చీలు తెచ్చి వేశాడు.

చెల్లెలు శాలువా సంగతి ఇంకా చెబుతోంది. గంట నా ఒళ్ళో ఉంది.